ఒలింపిక్ గడప తొక్కని వాలీబాల్

పల్లెల్లో వాలీబాల్ ఖర్చు తక్కువ ఆట. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి, 18 మీటర్ల పొడవూ 9 మీటర్ల వెడల్పూ ఉన్న జాగా ఉంటే చాలు. కర్నూలు, కడప జిల్లాల్లో బీడు భూములకు కొదవ లేదు. అయినా ఈ ఆటతో మనవాళ్లు ఒక్కరు కూడా ఒలింపిక్స్‌కు ఎందుకు పోలేదు? ఇది ప్రతిభకు సంబంధించిన ప్రశ్నా, లేక కూడు, కూలి, కొలువులకు సంబంధించిన ప్రశ్నా?

ముందు చరిత్ర చూద్దాం. వాలీబాల్ 1895లో అమెరికాలో పుట్టింది. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. అప్పటి నుంచి 2024 పారిస్ దాకా భారత జట్టు, మగవాళ్లదైనా ఆడవాళ్లదైనా, ఒక్కసారి కూడా అక్కడ ఆడలేదు. అట్లని మనకు ఆట రాదనడానికి లేదు. ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు 1958లో కాంస్యం, 1962లో రజతం, 1986లో సియోల్‌లో మళ్లీ కాంస్యం తెచ్చింది. సియోల్ జట్టులో తెలుగువారు పి.వి. రమణ ఉన్నారు. రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఆడారు. 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఆ ఇంటికి ఒలింపిక్ పతకం వచ్చింది గానీ వాలీబాల్‌లో రాలేదు. కూతురు సింధు బ్యాడ్మింటన్‌లో 2016లో రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

ఈ తేడాను జాగ్రత్తగా చూడాలి. సింగిల్స్ ఆడే ఒక్క మనిషిని ఒక కుటుంబం, ఒక కోచ్, ఒక అకాడమీ కలిసి పైకి తీసుకుపోవచ్చు. వాలీబాల్‌లో కోర్టు మీదనే ఆరుగురు. పన్నెండు మందిని ఏళ్ల తరబడి ఒకచోట పెట్టి, తిండి పెట్టి, ఆడించాలి. ఆ భారం ఎవరు మోస్తారు?

జపాన్‌లో నూలు మిల్లు మోసింది. 1964లో ఆడవాళ్ల స్వర్ణం గెలిచిన జట్టులో ఎక్కువమంది నిచిబో కంపెనీ ఉద్యోగులు. పగలు కంపెనీ పని, సాయంత్రం మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా సాధన. కోచ్ దైమత్సు పెట్టిన ఆ సాధన మరీ కఠినమని విమర్శించినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ఆడపిల్లలకు నెల జీతం ఉంది, ఉండడానికి చోటుంది. సోవియట్ జట్టును 3-0తో ఓడించిన చేతులకు ఆ జీతమే ఆసరా.

ఇప్పుడు మన వైపు చూడండి. ఇక్కడ క్రీడాకారుడి బతుకుకు మెట్లున్నాయి: బడి, మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయ పోటీ. ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసుల్లోనో ఉద్యోగం. మొదటి మెట్టు బడి. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో వానలు లేనేడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గి పోతాయి. తల్లిదండ్రులతో పిల్లలూ పోతారు. అట్లా పోయేవాళ్లలో భూమి లేని మాల మాదిగలు, సెంటో ఎకరమో ఉన్న బీసీలు ఎక్కువ. బడే తప్పిపోయినప్పుడు జట్టులో పేరెట్లా ఉంటుంది? సర్టిఫికెట్ లేకపోతే కోటా ఎవరికి? ఎంత ఎత్తు ఎగిరినా ఆ ఎగురు ఏ రికార్డులోకీ ఎక్కదు.

ఇంకో మాట. వాలీబాల్ నియమాల్లో మన ఊరికి పడని గుణముంది. సర్వీసు తమ చేతికి తిరిగొచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో స్థానం జరగాలి. ముందున్నవాడు వెనక్కి, వెనకున్నవాడు ముందుకు. కులం మనిషిని పుట్టిన చోటనే పాతేస్తుంది, ఈ ఆట ఎవర్నీ ఒకచోట నిలవనీయదు. ఒకే బంతికి అందరి చేతులూ తగలాల్సిందే. అయితే ఆట ముగిసి వల విప్పినాక ఊరు ఊరే, వాడ వాడే. కోర్టులో దొరికిన సమానత్వం కొలువుగా, కూడుగా మారకపోతే అది సాయంత్రపు కాలక్షేపంగానే మిగిలిపోతుంది.

అందుకే ఒలింపిక్స్ గురించి మాట్లాడేవాళ్లు ముందు మన బళ్ల గురించి మాట్లాడాలి. వలస కుటుంబాల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్లలో కూడుతో పాటు బంతీ వలా ఉండాలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లకు ఆట నేర్పే మనిషి కావాలి. పోటీల తేదీలు సుగ్గి కాలాన్ని చూసి పెట్టాలి. ఇవి అడగడానికి ఎవరి దయా అక్కరలేదు. టీచర్లు, విద్యార్థులు, కార్యకర్తలు తమ మండలంలో రేపే మొదలుపెట్టవలసిన పని ఇది.