డాబా మీద సూర్యుడికి చోటెంత?

తమిళంలో నెల్లి అంటే ఉసిరి. పుదుచ్చేరి పట్టణంలోని నెల్లితోపు ఒకప్పటి ఉసిరి తోపు అని పేరే చెబుతుంది. ఇప్పుడక్కడ ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇలాంటి చోట ఎండకు కొరత లేదు, ఎండ పట్టే జాగాకే కొరత. ఆరు మీటర్ల వెడల్పు, తొమ్మిది మీటర్ల పొడవు ఉన్న డాబా ఒకటి ఊహించుకోండి. ఒక మూల మెట్ల గది, ఇంకో మూల నీళ్ల ట్యాంకు, మధ్యలో బట్టలారేసే తాడు, వేసవి వస్తే వడియాలు. ఇవన్నీ పోగా మిగిలిన చోట కరెంటు ఇచ్చే ప్యానెళ్లు పెట్టాలా, వేడినీటి హీటరు పెట్టాలా, రెండూ పెట్టాలా? సౌరశక్తి గురించి ఆలోచించే ఇంటివారు ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

రెండూ ఎండతోనే పనిచేసినా వాటి పద్ధతి వేరు. హీటరులోని నల్లటి పలక ఎండను వేడిగా మార్చి, గొట్టాల్లోని నీటికి అందిస్తుంది. వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది. మోటారు అక్కర్లేదు. అందుకే ట్యాంకు ఎప్పుడూ పలక కంటే ఎత్తులో ఉండాలి. ప్యానెల్‌లో ఏదీ కదలదు. సిలికాన్ పొరపై పడిన కాంతి అందులోని ఎలక్ట్రాన్లను కదిలించి విద్యుత్తు పుట్టిస్తుంది. కాంతికి విద్యుత్తు పుట్టించే గుణముందని 1839లో పారిస్‌లో కనిపెట్టిన ఎడ్మండ్ బెక్‌రెల్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు. అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారిదే. వారు ఈ ఊరిని భారతదేశానికి అప్పగించిన 1954లోనే, అమెరికాలోని బెల్ ప్రయోగశాల పనికొచ్చే తొలి సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపింది. అది తనపై పడిన ఎండలో దాదాపు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇప్పటి ప్యానెళ్లు 20 శాతం దాటాయి.

కాగితం మీద లెక్క చూస్తే హీటరుదే పైచేయి. రెండు చదరపు మీటర్ల హీటరు పలక మంచి ఎండ కాసిన రోజున సుమారు 5 యూనిట్లకు సమానమైన వేడిని పట్టుకోగలదు. అంతే జాగాలోని ప్యానెల్ ఇచ్చేది ఒకటిన్నర యూనిట్ల పైచిలుకు కరెంటు. బెంగళూరు డాబాల మీద హీటర్లు అన్ని కనిపించడానికి ఒక కారణం అక్కడి చల్లటి ఉదయాలు. పుదుచ్చేరి సంగతి వేరు. ఇక్కడ చలికాలంలో కూడా కుళాయి నీరు గోరువెచ్చదనానికి మరీ దూరంగా ఉండదు. వంద లీటర్ల నీటిని 26 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి కావలసింది రెండు యూనిట్ల పైమాటే. పసిపిల్లలో పెద్దవాళ్లో ఉన్న ఇంట్లో తప్ప, మేలో ఎవరూ వేడినీళ్లు అడగరు. అడిగే నవంబరులోనేమో ఈశాన్య రుతుపవనాల మబ్బులు కమ్ముకుంటాయి. అప్పుడు ట్యాంకులోని విద్యుత్ కాయిల్ వేసుకోక తప్పదు.

అసలు చిక్కు ఇంకోటి. వాడని వేడిని ఎవరికీ అమ్ముకోలేం, మిగిలిన కరెంటును గ్రిడ్‌లోకి పంపవచ్చు. నెట్ మీటరు పంపిందీ తీసుకున్నదీ రెండూ లెక్కగడుతుంది. అందువల్ల ఏడాది పొడవునా వేడినీరు కావలసిన హాస్టల్‌కు, ఆసుపత్రికి, అతిథి గృహానికి హీటరు బాగా లాభిస్తుంది. నెల్లితోపులోని నలుగురున్న ఇంటికి మాత్రం ముందు ప్యానెళ్లు, అవసరముంటే తర్వాత వంద లీటర్ల హీటరు అన్న క్రమమే మేలు. హీటరు కొనేవారు ఇంటి నీటి కఠినత్వం పరీక్ష చేయించుకోవాలి. సముద్రతీరపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నీరు ఎంత వేడెక్కితే గొట్టాల్లో తెల్లటి సున్నపు పొర అంత త్వరగా పేరుకుంటుంది. అలాంటి ఇంట్లో వాడుక నీరు పలకలోకి వెళ్లకుండా, వేరే ద్రవం ద్వారా వేడెక్కే రకం తీసుకోవాలి. వాడుక లేని వేసవిలో పలకపై గుడ్డ కప్పడం చవకైన ఉపాయం.

ఇక ప్యానెళ్లు. 540 వాట్లవి నాలుగు పెడితే రెండు కిలోవాట్ల పైన అవుతుంది, పదిన్నర చదరపు మీటర్లు చాలు. ఏడాది సగటున రోజుకు సుమారు 8 యూనిట్లు ఆశించవచ్చు. పుదుచ్చేరి దాదాపు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, దక్షిణానికి ముఖం చేసి అంతే వాలుగా పెడతారు. హీటరు పలకకైతే చలికాలపు ఎండ ముఖ్యం, కనుక దానికి ఇంకో పది డిగ్రీలు వాలు పెంచుతారు. ఒకే డాబా మీద రెండు వేర్వేరు వాలులు కనిపిస్తే మేస్త్రీ పొరపాటనుకోకండి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు పట్టణం యానాంలో ఈ కాలం మూడు నెలలే. అక్కడ వాలు 16, 17 డిగ్రీలు ఉండాలి.

నీడ లెక్క చాలామంది మరిచిపోతారు. డిసెంబరులో మూడు మీటర్ల మెట్ల గది నీడ మధ్యాహ్నం రెండు మీటర్లు దాటుతుంది, ఉదయం తొమ్మిదికి నాలుగున్నర మీటర్లు సాగుతుంది. ప్యానెళ్లు దండలా కలిపి ఉంటాయి కనుక ఒక్కదానిపై నీడ పడినా మిగతావాటి దిగుబడి కూడా దెబ్బతినవచ్చు. పక్కింటివారు రేపు ఇంకో అంతస్తు వేస్తారా అన్నదీ ముందే ఆరా తీయవలసిన విషయమే. ఎండ ఎక్కువైతే కరెంటూ ఎక్కువే అనుకోవడం కూడా సగమే నిజం. ప్యానెల్ మీద రాసి ఉన్న వాట్లు, ఘటం 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటివి. మే నెలలో అది 60 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున సుమారు 12 శాతం తగ్గుతుంది. ప్యానెల్ కింద గాలి ఆడేంత ఖాళీ వదిలితే సముద్రపు గాలి కొంత నష్టాన్ని పూడుస్తుంది.

అదే సముద్రం నుంచి వచ్చే ప్రమాదమూ ఉంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి, ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిపించింది. గంటకు 140 కిలోమీటర్ల గాలి స్థూలంగా ప్రతి చదరపు మీటరుపై 90 కిలోల బరువంత తోపు పెడుతుంది. ఒక్కో ప్యానెల్ బరువు ముప్పై కిలోల లోపే. చట్రాన్ని కాంక్రీటు దిమ్మెలకు గట్టిగా బిగించకపోతే అది గాలిపటమే. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా జింకు పూత బాగా ఉన్న ఇనుము, స్టెయిన్‌లెస్ బోల్టులు అడగాలి. పాత ఇళ్లలో చెక్క వాసాలపై ఇటుక, సున్నంతో వేసిన కప్పులు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్లతో నిండిన హీటరు 150 కిలోలు దాటుతుంది కాబట్టి, అలాంటి కప్పు మీద ఇంజనీరు చూడకుండా ఏదీ ఎక్కించకూడదు.

తుపాను మర్నాడు ఇంకో ఆశాభంగం ఎదురవుతుంది. ఆకాశం తేటపడి, ప్యానెళ్లు మెరుస్తుంటాయి. ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగదు. గ్రిడ్‌లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఇది లోపం కాదు. వీధిలో తెగిన తీగను సరిచేస్తున్న లైన్‌మన్‌కు ఇంటి మీది కరెంటు తగలకుండా పెట్టిన ఏర్పాటు. అలాంటి రోజున దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడవాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. ఖర్చు పెరుగుతుంది. కొనేటప్పుడే ఈ మాట స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి.

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు రాయితీ వస్తుంది. మొత్తం 78,000 రూపాయలకు మించదు. దేశంలో తయారైన ప్యానెళ్లకే ఇది వర్తిస్తుంది, వేడినీటి హీటర్లకు వర్తించదు. జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, నమోదైన సంస్థనే ఎంచుకోవాలి. విద్యుత్ శాఖ తనిఖీ చేసి నెట్ మీటరు బిగించాకే రాయితీ అందుతుంది.

ఆ తర్వాత మిగిలేది కడగడమే. ఉప్పు, దుమ్ము, కాకి రెట్టలు అద్దంపై పేరుకుంటాయి. ఎండ ఎక్కకముందే, మెత్తటి గుడ్డతో కడగాలి. మధ్యాహ్నం కాలిన అద్దంపై చన్నీళ్లు పోస్తే పగుళ్లు వచ్చే ప్రమాదముంది. బోరు నీరు ఆరితే తెల్లటి మరకలు పడతాయి, అందుకు పట్టి ఉంచిన వాన నీరు వాడటం మేలు.