రక్తకన్నీరు: మన ఊరివాళ్లు చూడాల్సిన తీరు

రాయవేలూరు, గుడియాత్తం తెలుగువాళ్లం రెండు భాషల సినిమాలూ చూస్తూ పెరిగాం. అందుకే ఒకే విలన్ వేషం కట్టిన ఇద్దరు నటులూ మనకు సొంతమే. తమిళంలో ఎం.ఆర్. రాధా, తెలుగులో నాగభూషణం.

రాధా 1907లో మద్రాసు చింతాద్రిపేటలో తెలుగు నాయుళ్ల ఇంట పుట్టారు. చిన్నతనంలోనే ఇల్లు విడిచి నాటక కంపెనీల్లో చేరారు. తిరువారూరు తంగరాసు రాసిన ‘రత్తక్కన్నీర్’ నాటకంతో ఊరూరా తిరిగారు. 1954లో కృష్ణన్-పంజు దాన్నే సినిమాగా తీశారు. విదేశాల నుంచి వచ్చిన మోహనసుందరం తల్లినీ భార్యనూ కాలదన్ని కాంత అనే వేశ్య చుట్టూ తిరుగుతాడు. ఆ పొగరంతా రాధా గొంతులోనే ఉంది. సన్నగా, వెటకారంగా మొదలైన మాట పూర్తయ్యేలోగా బొంగురుపోయి గర్జనవుతుంది. చివరికి అదే గొంతు అడుక్కుంటుంది. అంతదాకా తిట్టుకున్న జనమే కళ్లు తుడుచుకుంటారు.

తెలుగులో పాలగుమ్మి పద్మరాజు రాసివ్వగా నాగభూషణం ఆ నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడారు. ‘రక్తకన్నీరు’ ఆయనకు ఇంటిపేరైపోయింది. శారద, వాణిశ్రీ కూడా ఆ నాటకంలో వేషాలు వేసినవాళ్లే. సినిమాల్లో ఆయన చూపించిన తియ్యటి మాటల మోసగాడు ఆ స్టేజీ మీద రాటుదేలినవాడే.

నటన మాట సరే, కథలో ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. చేసిన పాపానికి శిక్షన్నట్టు మోహనసుందరానికి కుష్ఠు వస్తుంది. మన ఊరివాళ్లం దీన్ని ఒప్పుకోకూడదు. ఆ సినిమా వచ్చేనాటికే మన వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠుతో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసి, వేళ్లు మళ్లీ పనిచేసేలా చేస్తున్నారు. రోగం వేళ్లను తినేయదనీ, స్పర్శ పోయి దెబ్బ తగిలినా చెయ్యి కాలినా తెలియకపోవడం వల్లే అవి అరిగిపోతాయనీ చూపించిందాయనే. 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. కుష్ఠు క్రిమి వల్ల వచ్చే జబ్బని డాక్టర్ హాన్సెన్ 1873లోనే కనిపెట్టారు. ఇవాళ ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమైపోతుంది.

మన సంఘం వేడుకల్లో రక్తకన్నీరు సీన్లు తప్పకుండా ఆడించండి. కుర్రాళ్లకు ఆ గొంతులు వినిపించండి. తెర దించేముందు మాత్రం ఎవరో ఒకరు మైకు పట్టుకుని, కుష్ఠు పాపఫలం కాదనీ, దానికి మందులు మన దేశంలో ఉచితంగా ఇస్తారనీ చెప్పండి.