మీకు తెలుసా? లిస్ప్, ప్రోలాగ్, హాస్కెల్ సంగతులు

జేఎన్‌టీయూ సిలబస్‌లో సీఎస్‌ఈ విద్యార్థులు చదివే 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్' సబ్జెక్టులో లిస్ప్, హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషలు, ప్రోలాగ్ లాంటి లాజిక్ భాషలు చివరి యూనిట్లలో వస్తాయి. సెమిస్టర్ ముగిసే హడావిడిలో చాలామంది వాటి నిర్వచనాలు, తేడాలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతారు. నిజానికి సబ్జెక్టు మొత్తంలో మెషీన్ మీద నడిపి చూడాల్సిన పాఠాలు ఏవైనా ఉంటే అవే.

• ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కు పునాది పడేనాటికి ఈనాటి కంప్యూటరే లేదని తెలుసా? 1930లలో అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో అలొంజో చర్చ్ అనే గణితవేత్త లాంబ్డా కాలిక్యులస్ రూపొందించారు. అందులో ఫంక్షన్లు తప్ప ఇంకేమీ ఉండవు. అంకెలు కూడా ఫంక్షన్లే. రెండు అంటే ఇచ్చిన పనిని రెండుసార్లు చేసేది, మూడు అంటే మూడుసార్లు చేసేది. ఏ వాక్యం నిరూపణకు అందుతుందో, ఏది అందదో తేల్చిచెప్పే సార్వత్రిక పద్ధతి అసాధ్యమని 1936లో చర్చ్ ఈ కాలిక్యులస్‌తో నిరూపించారు. అదే ఏడాది అలన్ ట్యూరింగ్ తన ఊహాయంత్రంతో విడిగా అదే ఫలితానికి చేరుకున్నారు. ఆ తర్వాత ట్యూరింగ్ పీహెచ్‌డీ చేసింది చర్చ్ దగ్గరే. ఆ లాంబ్డా పేరుతోనే 2020 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ఒక ఫంక్షన్ ప్రకటించింది. దానితో ఎవరికి కావాల్సిన ఫంక్షన్‌ను వాళ్లే ఫార్ములాగా రాసుకోవచ్చు.

• లిస్ప్ వయసు అరవై ఏళ్లు దాటింది. 1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ దానికి రూపం ఇవ్వడం మొదలుపెట్టారు. లిస్ప్ ప్రోగ్రామ్‌కు విలువ కట్టే 'ఇవాల్' అనే ఫంక్షన్‌ను ఆయన లిస్ప్‌లోనే కాగితం మీద రాశారు. అది సిద్ధాంతం కోసం రాసింది, మెషీన్ మీద నడపాలని కాదు. స్టీవ్ రసెల్ అనే ప్రోగ్రామర్ దాన్ని చదివి, ఐబీఎం 704 యంత్రభాషలోకి చేత్తో మార్చేశారు. అదే తొలి లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ అయింది. జావా, పైథాన్ వాడేవాళ్లకు బాగా తెలిసిన గార్బేజ్ కలెక్షన్ కూడా లిస్ప్ కోసమే పుట్టింది.

• మెకార్తీ దగ్గర పరిశోధన చేసిన తెలుగువారు ఒకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పర్యవేక్షణలోనే డాక్టరేట్ పూర్తి చేశారు. గురువుకు 1971లో, శిష్యుడికి 1994లో ట్యూరింగ్ అవార్డు దక్కింది.

• ప్రోలాగ్ పుట్టింది యంత్రంతో ఫ్రెంచ్‌లో మాట్లాడాలన్న కోరికతో. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో అలాన్ కోల్మరావర్, ఫిలిప్ రూసెల్ దాన్ని తయారుచేశారు. దానికి తర్కపు వెన్నుదన్ను ఎడిన్‌బరో నుంచి రాబర్ట్ కోవాల్‌స్కీ అందించారు. ప్రపంచమంతా ప్రోలాగ్ తొలి పాఠం బంధుత్వాలతోనే మొదలవుతుంది. వరసల విషయంలో మనకున్నంత పట్టింపు ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

'మాయాబజార్' కుటుంబాన్నే తీసుకోండి. అభిమన్యుడి తల్లి సుభద్ర, సుభద్రకు అన్నలు బలరాముడు, కృష్ణుడు. ఇవి వాస్తవాలు. తల్లికి అన్న గానీ తమ్ముడు గానీ అయితే మేనమామ. ఇది నియమం. ఇక అభిమన్యుడికి మేనమామ ఎవరని అడిగితే బలరాముడి పేరు వస్తుంది. సెమీకోలన్ నొక్కితే కృష్ణుడి పేరు వస్తుంది. ఎలా వెతకాలో మనం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అంతకంటే గొప్ప సంగతి, అదే నియమాన్ని తిరగేసి కృష్ణుడు ఎవరికి మేనమామ అని అడిగినా జవాబు వస్తుంది. సీ భాషలో అయితే ఈ రెండు ప్రశ్నలకు రెండు ఫంక్షన్లు రాసుకోవాలి. శశిరేఖ బలరాముడి కూతురని ఇంకో వాస్తవం, మేనమామ కూతురు మరదలని ఇంకో నియమం చేరిస్తే చాలు, అభిమన్యుడికి శశిరేఖ ఏమవుతుందో ప్రోలాగే తేలుస్తుంది. ఈ వెతుకులాటకు ఇంధనం యూనిఫికేషన్, అంటే ప్రశ్నను వాస్తవాలతో, నియమాలతో సరిపోల్చి జతకుదర్చడం. 1965లో అలన్ రాబిన్సన్ ప్రచురించిన రిజల్యూషన్ పద్ధతిలో అది కీలక భాగం.

• ప్రోలాగ్ 'ఫాల్స్' అన్నంత మాత్రాన ఆ సంగతి అబద్ధమని కాదు. పై ప్రోగ్రామ్‌ను ఘటోత్కచుడు అభిమన్యుడికి అన్న అవుతాడా అని అడిగితే 'ఫాల్స్' అంటుంది. వాళ్ల తండ్రులు భీముడు, అర్జునుడు అన్నదమ్ములని మనం చెప్పలేదు కదా! ఇచ్చిన వాస్తవాలతో నిరూపించలేకపోయానని మాత్రమే దాని అర్థం. వైవాలో తడబడే చోటు ఇదే. పుస్తకంలో చదివితే జారిపోతుంది, ఒక్కసారి కీబోర్డు మీద చూస్తే మరచిపోవడం కష్టం.

• సంప్రదాయ ప్రోగ్రామింగ్ భాషల మీద గట్టి విమర్శ చేసినవారిలో ఫోర్‌ట్రాన్ సృష్టికర్తే ఉన్నారు. 1977లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ చేసిన ప్రసంగంలో జాన్ బ్యాకస్, మెమరీలో ఒక్కో విలువను మారుస్తూ పోయే పద్ధతి నుంచి ప్రోగ్రామర్లు బయటపడాలన్నారు. ఫంక్షన్లను కూర్చుకుంటూ పోయే దారిని చూపించారు.

• హాస్కెల్‌లో ఒకసారి ఒక పేరుకు విలువ ఇచ్చాక దాన్ని మార్చలేం. ఐకి ఒకటి కలిపి మళ్లీ ఐలోనే పెట్టే అలవాటు అక్కడ చెల్లదు. దానికి బదులుగా అంతులేని లిస్టులు రాసుకోవచ్చు. ప్రధాన సంఖ్యలన్నిటి లిస్టు ఒకటి రాసి, అందులో మొదటి పది కావాలంటే ఆ పదింటికి అవసరమైనంత మేరకే లెక్కిస్తుంది. హాస్కెల్ కరీ అనే తర్కవేత్త పేరు పెట్టిన ఈ భాష తొలి నిర్వచనం 1990లో వెలువడింది.

• మన వాట్సాప్ మెసేజ్‌లను చేరవేసే సర్వర్లలో నడిచేది ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాష. స్వీడన్ టెలికాం సంస్థ ఎరిక్‌సన్‌లో పుట్టిన దాని తొలి రూపాన్ని ప్రోలాగ్‌లోనే రాశారు. గూగుల్ 2004లో ఒక పేపర్‌లో ప్రకటించిన మ్యాప్‌రెడ్యూస్‌కు స్ఫూర్తి లిస్ప్ లాంటి ఫంక్షనల్ భాషల్లోని మ్యాప్, రెడ్యూస్‌లేనని ఆ పేపర్ రాసినవాళ్లే చెప్పారు.

• 2001లో టెక్సస్ విశ్వవిద్యాలయం తొలి ప్రోగ్రామింగ్ కోర్సులో హాస్కెల్ తీసేసి జావా పెట్టబోతే, కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా వద్దంటూ లేఖ రాశారు. వాడే పనిముట్లే ఆలోచనా అలవాట్లను మలుస్తాయన్నది ఆయన వాదన. నాకది నూటికి నూరుపాళ్లు సబబనిపిస్తుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్‌ను హాస్కెల్‌తోనే మొదలుపెడుతుంది. అక్కడి ఆచార్యులు మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేశ్ చెప్పిన హాస్కెల్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ, ప్రోలాగ్ నడిపే ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ కూడా ఉచితమే. హాస్టల్ గదిలో మామూలు ల్యాప్‌టాప్ మీద ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.