కారులో మంద్రధ్వని: వాట్లకంటె పెట్టె ముఖ్యం

కారులో సబ్‌వూఫర్ అమర్చుకొన్నవారికి తరచు ఒక అసంతృప్తి కలుగుతుంటుంది. పాట వినబడుతున్నది గాని, మృదంగం ఎడమవైపు మోగినపుడు ఛాతీకి సోకవలసిన గంభీరమైన ఊపు సోకడం లేదు. దుకాణదారును అడిగితే ఇంకా పెద్ద ఆంప్లిఫైయర్ కొనమంటాడు. ఇంత ఖరీదై, ఇంత స్వల్పఫలితమిచ్చే సలహా మరొకటి ఉండబోదు.

లెక్క చూడండి. శక్తిని రెట్టింపు చేస్తే శబ్దతీవ్రత పెరిగేది 3 డెసిబెల్‌లు. 6 డెసిబెల్‌లు పెరగాలంటే నాలుగురెట్ల శక్తి కావాలి; 300 వాట్లున్నచోట 1,200 వాట్లు! 12 వోల్టుల బ్యాటరీ నుండి అంత శక్తిని లాగాలంటే, వృథా అయ్యేదానిని లెక్కించకుండానే, 100 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించాలి. చిన్నకారు ఆల్టర్నేటరుకు ఇది తలకు మించిన భారం. పైగా అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే వాట్లు చాలసార్లు క్షణకాలపు గరిష్ఠశక్తి మాత్రమే. చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అని పేర్కొన్న సంఖ్య.

తీగలను సరిచూసుకొన్నంత మాత్రాననే కొన్నిసార్లు ఇంతకుమించిన లాభం కలుగుతుంది. రెండు వూఫర్లలో ఒకదాని ధన, ఋణ తీగలు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు తోసేటపుడు రెండవది వెనుకకు లాగుతుంది. ఒకదాని శబ్దాన్ని మరొకటి హరిస్తుంది. ఒకే వూఫర్ ఉన్నా, ముందు తలుపులలోని స్పీకర్లతో దానికి పొందిక కుదరకపోవచ్చు. ఆంప్లిఫైయర్ మీది ఫేజ్ స్విచ్చిని ఒకరు మారుస్తూ ఉంటే, డ్రైవరు సీటులో కూర్చున్నవారు ఎప్పుడు నిండుగా వినబడుతున్నదో చెబితే చాలు. దమ్మిడీ ఖర్చు లేదు.

ఇక పెట్టె. వూఫర్‌లోని శంకువు ముందుకు కదిలినపుడు దాని వెనుక గాలి పలుచబడుతుంది. ముందు వెనుకల తరంగాలు కలిస్తే మంద్రం నశిస్తుంది. వాటిని వేరుచేయడమే పెట్టె మొదటి పని. పూర్తిగా మూసిన పెట్టె స్వరశుద్ధికి మంచిది. గొట్టం అమర్చిన పెట్టె, ఘటంవలె, తనలోని గాలిని ఒక నిర్ణీత శ్రుతిలో మోగిస్తుంది. ఆ శ్రుతి పరిసరాలలో అదే శక్తికి ఎక్కువ శబ్దమిస్తుంది. అయితే శ్రుతికంటె బాగా దిగువ స్వరాలు వచ్చినపుడు శంకువుకు గాలి పట్టు తప్పి, అదుపులేక కొట్టుకొని పాడయ్యే ప్రమాదమున్నది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ప్రకటించి, 1970 దశకంలో రిచర్డ్ స్మాల్ విస్తరించిన లెక్కలే నేటికీ ఈ పెట్టెల నిర్మాణానికి ఆధారం. వారి పేర్లతో వ్యవహరించే అంకెలు వూఫర్‌తో వచ్చే కాగితంలో ఉంటాయి. వాటిని చూడకుండా వడ్రంగికి కొలతలు ఇవ్వడం గుడ్డి బేరమే. అతుకులలో గాలి కారే పెట్టె ఏ లెక్కకూ లొంగదు.

కారు కూడ ఒక పెట్టెయే. 40 హెర్ట్జ్‌ల ధ్వనితరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు, కారుకంటె పెద్దది. అందుచేత అంత మంద్రమైన స్వరాలకు లోపలి గాలి అంతా ఒక్కసారిగా నొక్కుకొని, బయటకంటె హెచ్చు బలంతో వినబడుతుంది. డిక్కీ వేరుగా ఉన్న కార్లలో వెనుక సీటు అడ్డుపడుతుంది. అక్కడ వూఫర్‌ను కారు వెనుకవైపునకు తిప్పి, జరిపి చూడాలి. నంబరు పలక గలగలలాడుతూ ఉంటే అదే మంద్రమని భ్రమపడేవారూ లేకపోలేదు!

నిప్పు విషయంలో అశ్రద్ధ పనికిరాదు. బ్యాటరీ నుండి వచ్చే తీగ లావుగా ఉండాలి. దాని ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఉండాలి. లేనిచో ఇనుపరేకుకు రాసుకొన్న తీగ ఎర్రగా కాలి మంట లేస్తుంది. ఎర్త్ తీగను రంగు గీకిన లోహానికే బిగించాలి. ఆంప్లిఫైయర్ మీది ‘గెయిన్’ మీట వాల్యూమ్ మీట కాదు. దానిని చివరిదాకా తిప్పితే శబ్దం చీలి, వూఫర్‌లోని తీగచుట్ట మాడిపోతుంది.

తక్కువ శబ్దంలో మంద్రస్వరాలను మన చెవి సరిగా పట్టుకోలేదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే చాలమంది మంద్రం కోసమని మొత్తం శబ్దాన్నే పెంచేస్తారు. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని వృత్తిరక్షణ నిపుణులు నిర్ణయించారు. ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్‌ల దగ్గర అది 15 నిమిషాలే. కారు దిగిన తరువాత చెవులలో గుయ్యిమని మోత వినబడితే, ఆ హద్దు దాటినట్లే.