సర్వరుకూ ఓ నాడి!

'సర్వర్ బిజీ'... పరీక్ష ఫలితాల రోజునో, పండగ రైలు టికెట్ల వేళనో ఈ మాట చూడని ఇల్లు ఉండదు. తెరకు ఇవతల మనం విసుక్కుంటుంటే అవతల కొందరు అంకెల్ని చదువుతూ ఉంటారు, డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు చదివినట్టే. ఎక్కడ పూడుకుపోయిందో ఆ అంకెలే చెబుతాయి... చదవడం వస్తే!

పదో తరగతి ఫలితాలు. పదకొండు గంటలకన్నారు. పదిన్నరకే ఇంటిల్లిపాదీ కంప్యూటరు చుట్టూ మూగారు. వంటింట్లోంచి అమ్మ 'వచ్చిందా' అని అడగడం అప్పటికి నాలుగోసారి. పదకొండయింది. హాల్‌టికెట్ నంబరు కొట్టారు, ఎంటర్ నొక్కారు. తెల్లటి తెర. మళ్లీ నొక్కారు. మళ్లీ తెలుపే. బాబాయి ఫోన్లో, అక్క తన ఫోన్లో, పక్కింటి కుర్రాడు వాళ్లింట్లో... ఒక్క పిల్లాడి మార్కుల కోసం నలుగురు పది పదిసార్లు నొక్కుతున్నారు. అంటే, సర్వరు దగ్గరికి వెళ్లింది ఒక్క అభ్యర్థన కాదు, నలభై. రాష్ట్రమంతా ఇదే పని చేస్తే? అసలే కుంటుతున్న గుర్రం మీద మరో నలుగురు ఎక్కినట్టే!

ఇది మన దగ్గరే జరిగే తంతు అనుకుంటే పొరపాటు. ఇదే అనుభవం అమెరికా ప్రభుత్వానికే ఎదురైంది.

ఆరుగురంటే ఆరుగురే!

2013 అక్టోబరు 1. ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఆరోగ్య బీమా పథకం కింద జనం పేర్లు నమోదు చేసుకోవడానికి 'హెల్త్‌కేర్ డాట్ గవ్' వెబ్‌సైటు తెరుచుకుంది. 36 రాష్ట్రాలకు అదే వాకిలి. ఒకేసారి 50 నుంచి 60 వేల మంది వస్తారని అంచనా వేశారు. వచ్చింది రెండున్నర లక్షల దాకా. రోజు ముగిసేసరికి మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా వెళ్లి బీమా ఎంచుకోగలిగినవాళ్లెందరో తెలుసా? ఆరుగురు! బీమా లేక ఏళ్లతరబడి డాక్టరు గుమ్మం తొక్కనివాళ్లు, పాత జబ్బు ఉందని కంపెనీలు కాదుపొమ్మన్నవాళ్లు తెల్లతెరల ముందు కూర్చుండిపోయారు. జనవరి 1 నుంచి బీమా అందాలంటే డిసెంబరులోపే పేరు నమోదు కావాలి మరి.

'రద్దీ ఎక్కువైంది, కంప్యూటర్లు పెంచితే సరి' అన్నది అందరికీ తోచే మాట. పెంచారు కూడా. ఆశించినంత ఫలితం లేదు. అప్పుడు బయటి నుంచి కొందరు నిపుణుల్ని పిలిచారు. వాళ్లలో గూగుల్‌లో పనిచేస్తున్న మైకీ డికర్సన్ ఒకరు. వెబ్‌సైట్లు పడిపోకుండా కాపు కాయడమే ఆయన ఉద్యోగం. వచ్చినవాళ్లు మొట్టమొదట వెతికింది తప్పు ఎవరిదని కాదు, కొలిచే పరికరం ఎక్కడుందని. సైటులో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, ఒక్కో పేజీకి ఎంతసేపు పడుతోంది, ఎన్ని అభ్యర్థనలు తప్పుతున్నాయి... ఇవన్నీ ఒక్కచోట చూపించే బోర్డు లేనే లేదు! థర్మామీటరే లేని ఆసుపత్రిలో జ్వరానికి మందిస్తున్నట్టన్నమాట. అలాంటి బోర్డును తయారుచేసి గోడమీద పెట్టాకే అసలు వైద్యం మొదలైంది.

వంటావిడ నిచ్చెన మీద ఉంది

ఇంతకీ ఆ బోర్డుల మీద ఏముంటుంది? సర్వరంటే ఏదో మాయ పెట్టె కాదు. అదీ కంప్యూటరే, కాకపోతే వేలమందికి ఒకేసారి వడ్డిస్తుంది. దాన్ని ఓ వంటిల్లు అనుకుందాం. వంట చేసే మనిషి ప్రాసెసర్. చేతికందేలా డబ్బాలు పెట్టుకునే గట్టు మెమరీ. సామానంతా దాచిన అటక డిస్కు. వడ్డనకు తీసుకెళ్లే దారి నెట్‌వర్క్. పెళ్లి భోజనం ఆలస్యమైందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకచోట ఇరుకుందని అర్థం. సాఫ్ట్‌వేరువాళ్లు దాన్నే 'బాటిల్‌నెక్' అంటారు. సీసా ఎంత పెద్దదైనా నీళ్లు బయటికొచ్చేది మెడ ఎంత వెడల్పుంటే అంతే కదా.

చిక్కేమిటంటే, ఇరుకు ఒకచోట ఉంటే బాధ ఇంకోచోట కనిపిస్తుంది. ఉదాహరణకు లినక్స్ సర్వర్లలో 'లోడ్ యావరేజ్' అని మూడు అంకెలు కనిపిస్తాయి. గడచిన ఒక నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాల్లో ఎన్ని పనులు నడుస్తున్నాయో, ఎన్ని వరుసలో ఉన్నాయో చెప్పే సగటు. నాలుగు ప్రాసెసర్ కోర్లున్న యంత్రంలో 12, 6, 2 అని కనబడితే రద్దీ ఇప్పుడిప్పుడే ముంచుకొస్తోందని. అదే 2, 6, 12 అయితే గాలివాన వెలిసిందని. ఇంతవరకూ తేలికే.

అసలు మెలిక ఆ 12లో ఉంది. 12 చూడగానే 'ప్రాసెసర్ చాలడం లేదు' అని తేల్చేసేవాళ్లు చాలామంది. లినక్స్‌లో ఈ లెక్కలో ప్రాసెసర్ కోసం నిలబడ్డ పనులే కాదు, డిస్కు నుంచి సమాచారం కోసం కదలకుండా ఎదురుచూస్తున్నవీ కలుస్తాయి. పక్కనే ఉన్న ప్రాసెసర్ వాడకం అంకె చూస్తే నూటికి పదే ఉండొచ్చు. వంటావిడ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తోంది. నిజానికి ఖాళీగా లేదు, నిచ్చెనెక్కి అటకమీద కందిపప్పు డబ్బా వెతుకుతోంది! ఇలాంటప్పుడు ఇంకో నలుగురు వంటవాళ్లను పెడితే ఏమవుతుంది? నిచ్చెన దగ్గర నలుగురూ తోసుకుంటారు. డబ్బు దండగ, వంట మరింత ఆలస్యం.

గట్టు చిన్నదైతే వచ్చే తంటా ఇంకో రకం. కొత్త డబ్బా పెట్టాలంటే పాతదాన్ని అటకెక్కించాలి, మరుక్షణం మళ్లీ ఆ పాతదే కావాలి. సర్వరు భాషలో దీన్ని 'స్వాపింగ్' అంటారు. 'విఎమ్‌స్టాట్' అని ఓ చిన్న ఆజ్ఞ ఉంది. అది చూపించే వరుసల్లో 'ఎస్ఐ', 'ఎస్ఓ' అనే రెండు గళ్లు ఈ ఎక్కడం దిగడాలకే. అవి సున్నా దగ్గర ఉంటే మెమరీ క్షేమం. ఆగకుండా వందలూ వేలూ చూపిస్తున్నాయంటే ప్రాసెసర్ మార్చినా డిస్కు మార్చినా అసలు రోగం పోదు, గట్టు పెద్దది చేయాల్సిందే. తిరిగే పళ్లేలుండే పాత డిస్కు నుంచి ఓ ముక్క తేవడానికి పట్టే సమయం మెమరీ నుంచి తెచ్చేదానికి దాదాపు లక్ష రెట్లు. అటక అంత ఎత్తులో ఉందన్నమాట!

ఇవేవీ కాకుండా ఇంకో మొండి కేసు ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీ. మెమరీ ఖాళీ. డిస్కు, నెట్‌వర్క్ కూడా ఖాళీ. అయినా సైటు కదలదు. అనుభవజ్ఞులు అప్పుడు తాళాలూ చీటీలూ వెతుకుతారు. డేటాబేసుతో ఒకేసారి వంద మందే మాట్లాడొచ్చని ఎవరో ఎప్పుడో ఓ ఫైలులో రాసి మరిచిపోయి ఉంటారు. నూటొకటో మనిషి నుంచి అందరూ గుమ్మం బయటే. హాస్టల్లో పది స్నానాల గదులుండి తాళంచెవి ఒక్కటే ఉంటే వార్డెన్‌కి ఎలా తెలుస్తుంది? గదులు చూస్తే ఖాళీగానే ఉంటాయి మరి!

సగటు చెప్పే అబద్ధం

అంకెలు చదవడంలో పెద్ద గొయ్యి సగటు. వంద అభ్యర్థనల్లో 99 సెకనులో పదోవంతులో పూర్తయ్యాయి, ఒక్కటి మాత్రం 10 సెకన్లు తీసుకుంది అనుకుందాం. సగటు? సెకనులో ఐదోవంతు. మేనేజరుగారికి చూపిస్తే 'భేష్' అంటారు. కానీ ఒక్క పేజీ తెరవాలంటే ఇలాంటి ముక్కలు 30 కావాలనుకోండి. ముప్ఫయ్యీ చురుగ్గా వచ్చే అవకాశం నూటికి 74 పాళ్లే. అంటే నలుగురిలో ఒకరు పది సెకన్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే! అందుకే తెలిసినవాళ్లు సగటు అడగరు, 'నూటికి 99 మందికి ఎంతలోపు అయింది' అని అడుగుతారు.

ఇంకో సంగతి... 'ప్రాసెసర్ ఇంకా 90 దగ్గరే ఉంది, పది మిగిలింది కదా' అన్న ధీమా. క్యూల లెక్క అలా నడవదు. జనం ఎప్పుడంటే అప్పుడు వచ్చే కౌంటరులో ఒక్కొక్కరి పనికి సగటున ఒక నిమిషం పడుతుందనుకుంటే, గుమస్తా సగం సమయం పనిలో ఉన్నప్పుడు మనిషి మొత్తం రెండు నిమిషాల్లో బయటపడతాడు. 80 శాతం అయితే అయిదు నిమిషాలు. 90 అయితే పది. 95 అయితే ఇరవై! చివరి అయిదు శాతమే అంతకుముందు పట్టిన సమయాన్ని రెట్టింపు చేసేసింది. నిన్నటిదాకా బాగున్న సైటు ఇవాళ ఉన్నట్టుండి కూలబడడానికి కారణం చాలాసార్లు ఇదే. రద్దీ పెరిగింది కాస్తే, క్యూ పెరిగింది కొండంత.

అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. సెకనుకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరికి పట్టే సమయంతో గుణిస్తే, లోపల ఎందరున్నారో తెలిసిపోతుంది. సెకనుకు 200 మంది వస్తూ అర సెకనులో వెళ్లిపోతుంటే లోపల ఉండేది 100 మంది. అదే ఒక్కొక్కరికీ 8 సెకన్లు పడితే? 1600 మంది! కొత్తగా ఒక్కరూ రాలేదు, ఉన్నవాళ్లు కదలలేదంతే.

డిస్కుల మీద అరిస్తే...

అంకెల్లో కథలు చదవడానికి పేరుపడ్డ మనిషి ఒకరున్నారు. బ్రెండన్ గ్రెగ్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసే రోజుల్లో, 2008 చివర్లో ఆయన ఓ విచిత్రం చేశారు. నడుస్తున్న డిస్కుల వరుస దగ్గరికి మొహం పెట్టి గట్టిగా అరిచారు! ఆ క్షణమే తెర మీది గ్రాఫులో డిస్కుల ఆలస్యం ఒక్కసారిగా పైకి లేచింది. అరుపుకు పుట్టిన కంపనానికి డిస్కులు తడబడ్డాయి. ఆ వీడియో అప్పట్లో యూట్యూబ్‌లో తెగ తిరిగింది. నవ్వొచ్చే సంగతే కానీ, సగటు మాత్రమే చూపించే బోర్డు పెట్టుకుని ఉంటే ఆ చిన్న తడబాటు ఎవరి కంటా పడేదే కాదు. తర్వాతి కాలంలో ఆయనే ఓ పద్ధతి చెప్పారు. ప్రతి భాగాన్నీ మూడే ప్రశ్నలడగమని. ఎంతసేపు పనిలో ఉంది? దాని ముందు క్యూ ఎంత ఉంది? తప్పులెన్ని వచ్చాయి? ఈ మూడూ అడిగితే చాలావరకు దొంగ దొరికిపోతాడు. అనుమానం వచ్చినచోటే వెతికే అలవాటున్నవాళ్లకు మాత్రం ఇది కాస్త చాదస్తంగానే అనిపిస్తుంది!

మెడ జరుగుతుంది

మళ్లీ అమెరికా కథకి వద్దాం. బోర్డు వచ్చాక ఏం కనిపించింది? బీమా పథకాల ధరలు ఊరికే చూద్దామన్నా ముందు ఖాతా తెరవాలి అని పెట్టారు. దాంతో జనమంతా ఒక్క సన్నటి గుమ్మం ముందు గుమిగూడారు. ఇంటి లోపల గదులన్నీ ఖాళీయే! ఖాతా తెరవకుండానే ధరలు చూసే వీలు కల్పించారు. ఇంకోచోట, పదేపదే అడిగే సమాచారం కోసం ప్రతిసారీ పెద్ద డేటాబేసు దాకా వెళ్లివస్తోంది సైటు. దాన్ని చేతికందేచోట, అంటే మన గట్టు మీద పెట్టేసరికి పేజీ తెరుచుకునే సమయం 8 సెకన్ల నుంచి రెండుకు దిగింది. డేటాబేసును ప్రత్యేకమైన, శక్తిమంతమైన యంత్రాల మీదికి మార్చారు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరూ నిలబడే సమావేశం. అక్కడ డికర్సన్ పెట్టిన నియమాల్లో ఒకటి... మాట్లాడాల్సింది విషయం బాగా తెలిసినవాళ్లు, పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు కాదు. ఆఫీసుల సంగతి తెలిసినవాళ్లకి ఇది కంప్యూటర్లు కొనడంకన్నా కష్టమైన పనని చెప్పక్కర్లేదు.

డిసెంబరు 1న ప్రభుత్వం లెక్కలు బయటపెట్టింది. 400కు పైగా లోపాలు సరిచేశారు. పేజీ వచ్చే సమయం సెకనులోపే. అంతకుముందు నూటికి ఆరు దాకా ఉన్న తప్పులు ఒకటి కన్నా తక్కువకు దిగాయి. ఒకేసారి 50 వేలమంది వచ్చినా తట్టుకుంటుందన్నారు. అంతకు మించి వస్తే 'కాస్త ఆగండి, మీ వంతు రాగానే ఈ-మెయిల్ పంపుతాం' అనే వరుస పద్ధతి పెట్టారు. తెల్లతెరకన్నా అది ఎంతో నయం కదూ!

అయితే ఒక మెడ వెడల్పయితే మరో మెడ బయటపడడం ఈ విద్యలో మామూలే. ముందు వాకిలి సాఫీ అయ్యాక అందరి చూపూ వెనక వాకిలి మీద పడింది. నమోదైనవాళ్ల వివరాలు బీమా కంపెనీలకు చేరవేసే ఫైళ్లలో మొదటి రెండు నెలల్లో దాదాపు నాలుగింట ఒకటి తప్పులతడక అని తేలింది. కొన్ని పేర్లు రెండేసిసార్లు వెళ్లాయి, కొన్ని అసలే చేరలేదు. వాటిని సరిచూడడానికి కంపెనీల ఉద్యోగులు కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క ఇంటికీ ఫోన్లు చేయాల్సొచ్చింది. డిసెంబరు మొదటివారానికి ఆ తప్పులు పదింట ఒకటికి తగ్గాయని అధికారులు చెప్పారు. 2014 ఏప్రిల్‌లో గడువు ముగిసేనాటికి, సొంత సైట్లు పెట్టుకున్న రాష్ట్రాలనూ కలుపుకొని, దేశం మొత్తమ్మీద పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు 80 లక్షల మంది.