డిజైను కచేరిలో మన యాడుబిడ్డ

మా కొంగరకలాను నిన్నమొన్నటివరకు ఇబ్రహీంపట్నము చుట్టుపట్లనున్న పల్లెలవలె సేద్యమును, పశువులను నమ్ముకొని బ్రదికిన గ్రామము. ఇప్పుడు ఊరి సమీపముననే రంగారెడ్డి జిల్లా కలెక్టరు కచేరి లేచినది. 2022వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీన దానికి ప్రారంభోత్సవము జరిగినది. మరుసటి యేడు మే నెలలో ఫాక్స్‌కాన్ వారి కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. ఇట్టి కట్టడములను చూచునపుడు మన కన్నులకు మేస్త్రీలును, కూలీలును, క్రేనులును అగపడుదురు. కాని మొదటి గంప మన్ను త్రవ్వకమునుపే, ఎక్కడనో యొక గదిలో గూర్చుండి, దీనికి స్తంభములెన్ని, ఒక్కొక్క స్తంభములో ఇనుపచువ్వలెన్ని, నీరెటు పారవలెను, విద్యుత్తు ఏ త్రోవను రావలెను అని లెక్కగట్టినవారు మాత్రము ఎవ్వరికిని అగపడరు. ఆ గదికే డిజైను కన్సల్టెన్సీ యని పేరు. మా పెద్దలు కచేరి యనెడివారు గనుక మేమును ఆ మాటనే వాడుచున్నాము.

గత సంవత్సరము మా వీథిలోని చిన్నది యొకతె సివిల్ ఇంజనీరింగులో బి.టెక్. ముగించి, పట్టణములోని యట్టి కచేరి యొకదానిలో కొలువు సంపాదించుకొనినది. దాని తల్లి కాగితము పట్టుకొని మాకడకు వచ్చి, “అక్కా, ఇది ఆడపిల్ల చేసే కొలువేనా? సాఫ్టువేరు అంటే తెలుసు, టీచరు అంటే తెలుసు. ఇదేంది?” అని యడిగినది. మేము పురాణములును, కావ్యములును ఇంటనే చదువుకొన్నవారమే గాని యీ విద్యలోని ఓనమాలును ఎరుగము. అయినను మా వారి పూర్వశిష్యులలో ఇట్టి కొలువులలోనున్నవారు కొందరు కలరు. వారినడిగి, మా వారు తెచ్చిపెట్టిన పుస్తకములు చూచి తెలిసికొనినంత ఇచట వ్రాయుచున్నాము. ఆ తల్లివంటి తల్లులు మన పాఠకురాండ్రలో మఱికొందరు ఉందురు గదా!

సలహాదారు ఇంజనీరు అనగా ఎవరు? దీనికి మన హైదరాబాదు చరిత్రలోనే మంచి నిదర్శనమున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనమును పొట్టను బెట్టుకొనినది. అప్పుడు నైజాము ప్రభుత్వమువారు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచిన క్రొత్త. ఆయన తట్ట మోయలేదు, గోడ కట్టలేదు. నది పుట్టిన దిక్కునకు పోయి, వాన యెంత, వాలు ఎంత, వరద యెంత యని కొలిచి, పట్టణమునకు ఎగువను జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని చెప్పెను. ఆ సలహా ఫలితమే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరును. కట్టినవారు వేఱు, కట్టుటకు త్రోవ చూపినవారు వేఱు. (మన ఇబ్రహీంపట్నము పెద్ద చెరువును కుతుబ్‌షాహీల నాడు కట్టినవారు లెక్కలేకయే కట్టిరా? లెక్క వారి తలలలో నుండెను. కాగితముమీదికి ఎక్కలేదు గనుక వారి పేర్లు మనకు దక్కలేదు.)

ఇక చదువు ముగించిన పిల్ల ఆ కచేరిలో మొదటి యేడు ఏమి చేయును? వినువారికి నిరాశ కలుగవచ్చును. గొప్ప వంతెనల నూహించుట కాదు. పెద్ద ఇంజనీరు ఎఱ్ఱసిరాతో దిద్దియిచ్చిన ప్లానును కంప్యూటరుమీద సరిచేయుట, తిరిగి చూపుట, తిరిగి దిద్దించుకొనుట. తరువాత కొంచెము కొంచెముగా లెక్కలు వచ్చును. కట్టడము తన బరువు తాను మోయవలెను, అందుండు మనుష్యుల బరువు, సామానుల బరువు మోయవలెను, గాలికి నిలువవలెను, భూకంపమునకు ఓర్వవలెను. వీనికన్నిటికిని భారతీయ ప్రమాణముల సంస్థవారు గ్రంథములు ఏర్పరచియున్నారు. కాంక్రీటునకు ఐ.ఎస్. 456 అనునది, బరువులకును గాలికిని 875, భూకంపమునకు 1893. మనకు ధర్మశాస్త్రములెట్లో వారికి ఇవి యట్లు. ఈటాబ్స్, స్టాడ్ అను కంప్యూటరు సాధనములు లెక్కను క్షణములో కట్టియిచ్చును. అయితే తప్పు సంఖ్య యిచ్చినచో తప్పు ఫలితమును సైతము అంతే వేగముగా నిచ్చును. కావుననే చేతితో లెక్కవేసి సరిచూచుకొను నలవాటును మొదటి యేటనే నేర్పుదురట.

ప్రతి ప్లాను మూలను ఒక చిన్న పట్టిక యుండును. గీసినవారెవరు, సరిచూచినవారెవరు, అంగీకరించినవారెవరు అని అందు సంతకములకు వేఱువేఱు గళ్లు. క్రొత్తగా చేరిన పిల్ల సంతకము మొదటి గడిలోనిది. దాని తప్పును పట్టుటకు పైన ఇద్దరున్నారు. ఇది మాకు మిక్కిలి నచ్చిన యేర్పాటు.

ఒక్క యుదాహరణము చెప్పెదము. మన యిండ్ల ముందరి సజ్జ యున్నది గదా. గోడనుండి ముందుకు పొడుచుకొని వచ్చునేగాని చివర దానికి ఆధారముండదు. దానిపై బరువు పడినప్పుడు చివర క్రిందికి వంగజూచును. అనగా దాని పైభాగము సాగును, క్రిందిభాగము నొక్కుకొనును. కాంక్రీటు నొక్కుడుకు ఓర్చునుగాని సాగుడుకు ఓర్వక పగులును. సాగుచోట ఓర్చునది ఇనుము. కాబట్టి సజ్జలో ముఖ్యమైన చువ్వలు పైభాగముననే యుండవలెను. రెండు గోడలమధ్య పరచిన స్లాబులోనో, నడుమభాగమున క్రిందివైపు సాగును గనుక అచ్చట చువ్వలు క్రింద నుండవలెను. ఈ భేదమెరుగక సజ్జలోను చువ్వలు క్రిందనే పరచినచో, సెంట్రింగు విప్పిననాడో, తరువాత నెప్పుడో అది కూలును.

మా వీథి చిన్నదానిని చేరిన నాలుగు నెలలకు ఒక సైటునకు పంపిరి. ఆనాడు పని యిదియే: కాంక్రీటు పోయకమునుపు సజ్జ చువ్వలు ప్లానులోనున్నట్లే పైన నున్నవో లేదో చూచుట. కట్టినప్పుడు పైననే కట్టిరిగాని కూలీలు వానిమీద నడచుటచే రెండుచోట్ల క్రిందికి దిగియుండెనట. మేస్త్రీ తండ్రివయసువాడు. “ఏం కాదమ్మా, ముప్పదేండ్లనుంచి పోస్తున్న” అనెను. ఈ పిల్ల మాటకు మాట చెప్పక, ఎత్తి కట్టినదాక పోయవద్దని నిలిచినది. పెద్ద ఇంజనీరుకు ఫోను చేయగా అతడును అదే మాట చెప్పెను. గంటసేపు పని యాగినది. తల్లి యీ సంగతి మాతో చెప్పుచు, ఆ మేస్త్రీకి కోపము వచ్చియుండునేమోయని బెంగపెట్టుకొనినది. ఆ సజ్జక్రింద రేపు ఎవరి పిల్లలు ఆడుకొందురో యని మేమనుకొంటిమి.

ఆడుదానికి ఈ పని క్రొత్తది గాదు. మన తెలుగుదేశపు సోదరీమణులు అయ్యలసోమయాజుల లలితగారి పేరు తెలిసికొనవలెను. ఆమె 1919వ సంవత్సరము ఆగష్టు 27వ తేదీన మద్రాసున ఒక తెలుగు కుటుంబములో పుట్టినది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుద్విభాగపు ఆచార్యులు. ఇంట మగపిల్లలు ఇంజనీర్లయిరి. ఆడుపిల్లకు నాటి యాచారముచొప్పున పదునైదవ యేటనే పెండ్లి చేసిరి. 1937లో భర్త మరణించెను. అప్పటికామె వయస్సు పదునెనిమిది. ఒడిలో నాలుగు మాసముల ఆడుశిశువు. నాటి వితంతువు బ్రదుకెట్టిదో మన యమ్మమ్మల నడిగిన చెప్పుదురు.

ఆమె పుట్టినింటికి వచ్చి క్వీన్ మేరీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివి ప్రథమశ్రేణిలో తేరినది. తరువాత ఏ చదువు? ఆ దినములలో చదువుకొన్న స్త్రీకి వైద్యమే తగినదని యందరు ననుచుండిరి. ఆమె వైద్యమును వలదనినది. నడిరాత్రి పిలుపు వచ్చినను పోవలసిన వృత్తి యది; తల్లియొక్కతెయే దిక్కుగాగల బిడ్డను విడిచి యెట్లు పోవుట? ఉదయము పోయి సాయంకాలము ఇల్లు చేరు కొలువు కావలెనని ఇంజనీరింగును కోరినది. ఈ సంగతి చదివినప్పుడు మేము కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. ఆమె ఇంజనీరింగును కోరినది మగవారితో పోటీపడుటకు గాదు, పసిబిడ్డకు సాయంకాలము అన్నము తినిపించుటకు.

1794లో మొలచిన గిండీ విద్యాలయమున అదివరకు ఆడుపిల్ల కాలు పెట్టలేదు. తండ్రిగారు కళాశాలాధ్యక్షులైన చాకోగారిని, విద్యాశాఖాధికారిని అడిగి యనుమతి పొందిరి. 1940లో ఆమె చేరినది. వందలకొలది మగవిద్యార్థులలో నొక్కతె. బిడ్డ బంధువుల యింట, తల్లి హాస్టలులో. వారాంతమున మాత్రము చూచివచ్చుట. తండ్రిగారు ఇతర బాలికలు సైతము దరఖాస్తు పెట్టునట్లు ప్రకటింపజేయగా, లీలమ్మ జార్జి, పి.కె. థ్రేసియా అను ఇద్దరు మలయాళదేశపు యువతులు సివిల్ ఇంజనీరింగులో చేరిరి. వీరు ఒక తరగతి వెనుకవారైనను, యుద్ధకాలమున చదువు కాలమును తగ్గించుటచే ముగ్గురును ఒక్కసారియే తేరిరి. పట్టాలపై “అతడు” అని ముందే అచ్చయియుండగా దానిని కొట్టివేసి “ఆమె” యని దిద్దవలసివచ్చెనట! థ్రేసియాగారు తరువాత, 1971లో, కేరళ రాష్ట్రమునకు చీఫ్ ఇంజనీరయిరి.

లలితగారి కొలువు చరిత్ర నేటి పిల్లలు గమనింపదగినది. మొదట బీహారులోని జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున చేతిపని నేర్చుకొనినది. తరువాత సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో ఇంజనీరింగు సహాయకురాలు. ఆ యూరెందుకు? అచ్చట సోదరుడుండెను, బిడ్డకు ఇల్లుండెను. అచ్చట నుండగనే లండనులోని విద్యుదింజనీర్ల సంస్థవారి పరీక్ష నిచ్చినది. 1946 చివర ఆ కొలువు విడిచి తండ్రిగారి పరిశోధనలలో తోడ్పడినది. పొగరాని పొయ్యి, విద్యుత్తుతో మ్రోగు వాద్యము మొదలగునవి అందున్నవి. (ఆ పొయ్యి అప్పుడే యింటింటికి వచ్చియుండినచో మన తల్లుల కన్నులెంత దక్కియుండెడివో!) 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను ఆంగ్ల కంపెనీలో చేరినది. కలకత్తాయు మఱియొక సోదరుడున్న యూరే. ఊరూర కొలువు మారినట్లు కనబడునుగాని, బిడ్డకు నీడయున్న చోటికే ఆమె పోయినదని గ్రహింపవలెను.

ఆ కంపెనీ యంత్రములు చేసి యమ్మునది. ఆమె పని మాత్రము డిజైను బల్లకడనే: విద్యుత్తు తీగెల మార్గములు, ఉపకేంద్రములలో ఏ పరికరమెచట నుండవలెనను అమరిక, పిడుగుపాటో లోపమో కలిగినపుడు యంత్రములను కాపాడు సాధనములు. భాక్రానంగల్ ఆనకట్టకడ విద్యుదుత్పత్తి యంత్రముల పనిలో ఆమెకు పాలున్నది. దాదాపు ముప్పదేండ్లు ఆ కొలువున నుండి 1977లో విరమించి, 1979లో అరువదవయేట గతించినది. 1964లో న్యూయార్కున జరిగిన ప్రపంచ మహిళా ఇంజనీర్ల మొదటి సభకు పోయినది. నూటయేబదియేండ్ల క్రిందట పుట్టియుండినచో తాను భర్తతోపాటు చితి నెక్కవలసినదానినని ఆమె అచ్చటివారితో ననెనట. మఱుసటి యేడు లండనులోని మహిళా ఇంజనీర్ల సంఘము ఆమెను సభ్యురాలిగా గైకొనినది. ఆమె తిరిగి పెండ్లాడలేదు. అందుకొఱకు ఆమెను కొనియాడువారున్నారు. మాకది యామె యిష్టమునకు సంబంధించిన సంగతియే గాని గొప్పగా చెప్పుకొనదగినది గాదని తోచుచున్నది.

మా వీథి తల్లి యడిగిన తక్కిన సంగతులు చెప్పెదము. జీతము ఆరంభమున సాఫ్టువేరు కొలువులకంటె తక్కువ. పని నేర్చినకొలది పెరుగును. పోవుటకును వచ్చుటకును దినమునకు మూడు గంటలు బస్సులలోనే గడచుచున్నది. ప్లానులు పంపవలసిన గడువు దగ్గరపడినపుడు రాత్రి ఆలస్యమగును. ఆ దినములలో ఇంటికి చేర్చు వాహనము కంపెనీవారిదో, మనదో ముందే అడిగి తెలిసికొనవలెను. అడుగుటలో సిగ్గేమియు లేదు. పదిమందియో అంతకుమించియో పనిచేయుచోట, 2013వ సంవత్సరపు చట్టముచొప్పున, స్త్రీలపై వేధింపులను విచారించు సంఘ ముండితీరవలెను. అందు అధ్యక్షురాలెవరని మొదటి దినముననే పిల్ల తెలిసికొనవలెను. పెండ్లియై బిడ్డ పుట్టినచో, 2017లో జరిగిన సవరణముచే మొదటి యిద్దరు బిడ్డలకు ఇరువదియాఱు వారముల సెలవు జీతముతో నున్నది. ఏబదిమందియో అంతకుమించియో యున్నచోట శిశువుల గది యుండవలెను. లలితగారి కాలమున ఇవి యేవియు లేవు.

పెండ్లి సంగతి. సంబంధము చూచువారు, రెండేండ్లలో కొలువు మానునా యని అడుగుచున్నారట. పైన చెప్పిన మూడు గళ్లలో రెండవ గడికి, అనగా ఇతరుల లెక్కను సరిచూచు స్థానమునకు రావలెనన్నచో కొన్నియేండ్ల యనుభవము కావలెను. మొదటి గడిలోనుండగనే మాన్పించిన పిల్లకు తిరిగి చేరుట కష్టము. ఈ మాట వరుని తల్లితో సైతము చెప్పుమని మేము చెప్పితిమి. చెప్పినదట. ఆమె యేమనినదో యింకను తెలియలేదు.

కొలువుపత్రము విషయమున మాత్రము ఒక హెచ్చరిక. అది ఆంగ్లమున నుండును. తెలిసినవారిచే తెలుగున చెప్పించుకొని ప్రతి షరతును వినవలెను. ఎంతకాలము విడువరాదని యున్నదో, విడిచిన ఎంత చెల్లింపవలెనని యున్నదో చూడవలెను. మా యెరుకలోని యొక బాలుని అసలు పట్టాలను ఒక కంపెనీవారు హామీగా ఉంచుకొని, అతడు మానుకొనినపుడు నెలలకొలది త్రిప్పిరి. చూపుమనిన చూపవచ్చును, నకళ్లు ఇయ్యవచ్చును. అసలు పట్టాలు మాత్రము ఇంటి బీరువాలోనే యుండవలెను. మా వీథి చిన్నదానివి దాని తల్లి చీరెల అడుగున పెట్టి తాళము వేసినది.