ఏడిండ్లు తిరుగు పిల్లికూన

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట విని శ్రోతలు నవ్వుకొనవచ్చును గాని, దిక్కులేని కూన కంటబడినప్పుడు మొట్టమొదట చేయవలసినది ఏదో ఈ మాటయందే ఉన్నది.

పాలంపేటనే చూతము. 1213లో రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చినది. గుడి ఊరికి కీర్తి తెచ్చినది. అన్నము పెట్టునది మాత్రము రామప్ప చెరువు. చెరువు క్రింద వరి, వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. కావున గడ్డివాము ప్రక్కనో, గరిసె చాటుననో కన్ను తెరవని కూన ఒకటి సన్నగా అరచుచుండుట ఇట్టి ఊళ్లలో వింత కాదు.

తల్లిపిల్లి తావు మార్చునప్పుడు కూనలను నోట కరచుకొని ఒక్కొక్కదానినే తీసికొనిపోవును. మనకు కనబడిన ఒంటరి కూన, వరుసలో చివరిది కావచ్చును. అయ్యో పాపమని మనము దానిని ఇంటికి తెచ్చినచో, తల్లి ఉన్న బిడ్డను తల్లిలేనిదానిగా చేసినవారమగుదుము. కూన వెచ్చగా, నిమ్మళముగా ఉన్నచో దూరముగా నిలిచి రెండు మూడు గంటలు వేచి చూడవలెను. చుట్టూ పిల్లలు మూగియుండగా తల్లి దగ్గరకు రాదు. మనుష్యుల చేయి సోకిన కూనను తల్లి విడిచిపెట్టునన్నది మాత్రము చాలవరకు వట్టి నమ్మకమే. వాన కురియుచున్నను, కుక్కలు తిరుగుచున్నను, కూన తడిసి చల్లబడియున్నను, దాని ఒంటికి చీమలు పట్టియున్నను వేచియుండరాదు; వెంటనే ఎత్తుకొనవలెను.

పిల్లికి బిచ్చము పెట్టడను నింద మన ఇండ్లలో ఎవరును పడదలచరు. అందుచేత కూన దొరికినదే తడవుగా ఆవుపాలో, గేదెపాలో పోయుదురు. చిక్కంతయు అక్కడనే ఉన్నది. చల్లబడిన కూనకు పాలు అరగవు. పాతగుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా ప్రక్కన పరుండబెట్టి, ఒళ్లు వెచ్చబడిన పిమ్మటనే ఆహారమీయవలెను. వేడిమి ఎక్కువైనచో ప్రక్కకు జరుగుటకు చోటుండవలెను. పిల్లిపాలలో ఆవుపాలకంటె సుమారు రెండింతల మాంసకృత్తులుండును. ఆవుపాలు బలము చాలకపోగా విరేచనములు పట్టించును; అంత చిన్న శరీరము ఒక్క దినములో ఎండిపోవును. కూనలకై తయారైన పాలపొడి పట్టణపు దుకాణములలో దొరకును. కొలత పశువైద్యుని అడుగవలెను. పట్టునప్పుడు కూన బోర్లగా ఉండవలెను. చంటిబిడ్డవలె వెల్లకిల పరుండబెట్టినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. రెండు వారములు నిండని కూనకు రాత్రియు పగలును రెండు మూడు గంటలకొకసారి పట్టవలెను. పట్టిన తరువాత తడిగుడ్డతో వెనుకభాగమును మెల్లగా తుడువవలెను. తల్లి నాకినగాని మూత్రవిసర్జన చేయలేని వయస్సది.

నాలుగు వారముల పిమ్మట మెత్తని ఆహారము మొదలుపెట్టవచ్చును. ఇక్కడ శాకాహారులైన శ్రోతలకు ఒక మాట. పెరుగన్నముతోనే పిల్లి బ్రదుకదు. టారిన్ అను పదార్థమును అది తనలో చాలినంత తయారుచేసికొనలేదు. మాంసము, చేపలనుండియే పొందవలెను. అది లోపించిన పిల్లులకు చూపు పోవునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఎలుకలు పట్టు పిల్లికి ఈ లోటు రాదు. ఇంటనే కట్టడిగా పెరుగుదానికి వచ్చును. చెరువు చేపను ఉడికించి ముండ్లు తీసి పెట్టుట మంచిదే గాని, దినదినము అదొక్కటే చాలదు. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర పనికిరాదు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు.

కూన గీరినను, కరచినను, పుండును సబ్బుతో ధారగా పారు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి ఆనాడే వైద్యుని చూడవలెను, రేబీస్‌తో ఆటలాడరాదు. కూనకు ఆ టీకా మూడవ నెలలో వేయింతురు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు దాల్చగలదు. ఆలోగానే పశువైద్యునితో మాటలాడి శస్త్రచికిత్స చేయించినచో, వచ్చే వానకాలమున గడ్డివాము ప్రక్క మరి నాలుగు కూనలు అరవవు.

పారుదొడ్డికి పాత పళ్లెములో ఇసుక పోసిన చాలును. కూన తనంతట తానే నేర్చుకొనును. గుడి పునాదికే ఇసుక పోసిన ఊరిలో దానికి కొరత ఏమి?